కుండ, కూలర్, లెక్కల పుస్తకం: భిలాయిలో మా వేసవి సెలవులు

ప్రతి ఏడూ పరీక్షలు అయిపోగానే మా ఇంట్లో ఒకటే మాట: "ఊరికి ఎప్పుడు?" మేము అక్కాతమ్ముళ్ళం, ఎనిమిదో తరగతి, ఆరో తరగతి. నాన్నగారు భిలాయి ఉక్కు కర్మాగారానికి కాపలా కాసే కేంద్ర బలగంలో పనిచేస్తారు. మా అమ్మమ్మగారి ఊరు బొబ్బిలి దగ్గర. రాయపూర్, మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం దాటితే బొబ్బిలి వచ్చేస్తుంది. ఆ స్టేషన్ల పేర్లు మాకు ఎక్కాల్లాగా కంఠస్థం.

ఈసారి మాత్రం అమ్మ ముందే చెప్పేసింది: "ఈ ఏడు వెళ్ళలేమర్రా." జూన్‌లో బదిలీ రావచ్చని నాన్నగారికి తెలిసింది. సామాను సర్దడానికి, కొత్త చోట ఇల్లు చూడడానికి ఆయన సెలవు దాచుకోవాలి. బదిలీ ఖర్చులు ప్రభుత్వం ఇస్తుంది. కానీ ముందు మన చేతినుంచి పెట్టి తరువాత బిల్లు పెట్టుకోవాలి. ఎల్‌టీసీ కూడా ప్రతి ఏడూ రాదు. సాధారణంగా నాలుగేళ్ళ బ్లాకులో రెండుసార్లే వస్తుంది. అది మా ఇంట్లో అప్పటికే వాడేశారు.

తమ్ముడు ఏడ్చాడు. తాతయ్య పోయాక అమ్మమ్మ ఒంటరిగా ఉంటోంది. మేము వస్తామని మామిడికాయలు కోయించకుండా ఉంచుతుంది. అప్పుడు నాన్నగారు ఒక కాగితం తీసి లెక్క వేశారు. "మనం నలుగురం వెళ్ళి రావాలంటే ఎనిమిది టిక్కెట్లు. మీ మామయ్య అమ్మమ్మను తీసుకొచ్చి, మళ్ళీ తీసుకెళితే రెండు రాకకు, రెండు పోకకు. మొత్తం నాలుగే. ఆ నాలుగు టిక్కెట్ల డబ్బు ఇంటి ఖర్చులో మిగిల్చి చూపించండి. అమ్మమ్మనే ఇక్కడికి పిలుద్దాం."

ఈ వ్యాసం ఆ నలభై రోజుల పాఠం. మనలాగా మూడేళ్ళకో ఊరు మారే పిల్లలకు ఎక్కడైనా పనికొస్తుందని రాస్తున్నాం.

1. మొదటి పని: డబ్బు ఎటు పోతోందో చూడడం

మేము పాత నోటు పుస్తకంలో నాలుగు గళ్ళు గీశాం: తేదీ, వస్తువు, ఖర్చు, అవసరమా కోరికా. మొదటి వారం ఏదీ తగ్గించలేదు. ఉన్నది ఉన్నట్టు రాశాం.

వారం చివర చూస్తే పెద్ద ఖర్చులు మాకు తెలిసినవే: బియ్యం, పాలు, కూరలు, గ్యాసు. మాకు తెలియనివి చిన్న ఖర్చులు. సాయంత్రం సివిక్ సెంటర్ వైపు వెళితే ఐస్‌క్రీములు, ఇంటికి వస్తూ చల్లని సీసా, మధ్యాహ్నం తోచక తెప్పించుకున్న చిరుతిళ్ళు. రోజుకు ఒక సీసా, దాని ఖరీదు 40 రూపాయలు అనుకుందాం. నలభై రోజులకు 1,600 రూపాయలు అవుతుంది. చిన్న సంఖ్యను రోజులతో గుణిస్తే పెద్ద సంఖ్య అవుతుందని మూడో తరగతిలోనే నేర్చుకున్నాం. మన జేబుకు వర్తింపజేసుకోవడం మాత్రం ఇప్పుడే నేర్చుకున్నాం.

టిక్కెట్ల లెక్క కూడా ముందే చూసుకోవాలి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతుంది. ఆలస్యం చేస్తే తత్కాల్‌కు అదనంగా కట్టాలి. అయిదు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు బెర్తు అడిగితే పూర్తి ఛార్జీ పడుతుంది. బెర్తు వద్దంటేనే సగం. తమ్ముడికి పదకొండేళ్ళు, బెర్తు లేకుండా పడుకోలేడు. అందుకే నాన్నగారు వాడిని కూడా పూర్తి టిక్కెట్టుగానే లెక్క వేశారు.

2. చల్లదనం ఖరీదు ఎంత?

భిలాయిలో మే నెల అంటే ఎండ 42, 43 డిగ్రీలు దాటడం మామూలే. మధ్యాహ్నం వీచే వడగాలిని ఇక్కడ 'లూ' అంటారు. మే 25 ప్రాంతంలో మొదలయ్యే తొమ్మిది రోజులను 'నౌతపా' అంటారు. సూర్యుడు రోహిణి నక్షత్రంలో ప్రవేశించే రోజులవి. మన తెలుగువాళ్ళం రోహిణి కార్తె అంటాం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. పేర్లు రెండైనా ఎండ ఒకటే.

కరెంటు బిల్లులో 'యూనిట్' అంటే ఒక కిలోవాట్ పరికరం ఒక గంట నడవడం. పరికరం మీద రాసి ఉన్న వాట్లను గంటలతో గుణించి, 1,000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. రోజుకు పది గంటలు నడిస్తే:

సీలింగ్ ఫ్యాను, 75 వాట్లు: 0.75 యూనిట్.
కూలర్, 200 వాట్లు: 2 యూనిట్లు.
ఏసీ, 1,500 వాట్లు: ఆగకుండా నడిస్తే 15 యూనిట్లు. గది చల్లబడ్డాక కంప్రెసర్ ఆగుతూ ఉంటుంది కాబట్టి నిజానికి అంతకన్నా తక్కువే అవుతుంది.

ఏసీ ఉన్న ఇళ్ళవాళ్ళు 24 డిగ్రీలకు పెట్టుకుంటే మేలు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన పొదుపు చూసే కేంద్ర సంస్థ చెబుతుంది. మా ఇంట్లో ఏసీ లేదు, ఒక కూలర్ ఉంది.

కూలర్ ఎలా చల్లబరుస్తుంది? నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 జూల్స్ చాలు. అదే గ్రాము ఆవిరి కావడానికి సుమారు 2,400 జూల్స్ కావాలి. కూలర్ గడ్డిలో తడి ఆ వేడిని లోపలికి వచ్చే గాలినుంచి లాక్కుంటుంది, గాలి చల్లబడుతుంది. మట్టికుండ చేసే పనీ ఇదే. కుండ గోడల్లోని సన్నని రంధ్రాలనుంచి నీరు పైకి ఊరి, ఆవిరై, లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. కుండకు ప్లగ్గు అక్కరలేదు.

రెండు జాగ్రత్తలు మేము అనుభవం మీద తెలుసుకున్నాం. ఒకటి, కూలర్ పెట్టిన గదికి ఎదురు కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. అన్నీ మూసేస్తే తేమ గదిలోనే నిండిపోయి ఒళ్ళు జిగటగా అవుతుంది. రెండు, కూలర్ పొడిగాలిలోనే బాగా పనిచేస్తుంది. జూన్‌లో మబ్బులు పట్టాక గాలిలో తేమ పెరిగితే కూలర్ కన్నా ఫ్యానే నయం.

ఇంకో సంగతి కూడా ఉంది. కూలర్ కరెంటు తక్కువ తాగుతుంది కానీ నీళ్ళు ఎక్కువ తాగుతుంది. మా కూలర్‌కు రోజుకు మూడు బకెట్లు పోశాం. భిలాయి కర్మాగారానికీ టౌన్‌షిప్‌కూ నీళ్ళు బాలోద్ జిల్లాలోని తాండుల జలాశయం వైపునుంచి వస్తాయి. వేసవిలో ఆ నీళ్ళు పొలాలకూ కావాలి. ఒకచోట పొదుపు చేస్తున్నామనుకుని ఇంకోచోట ఖర్చు పెంచితే అది పొదుపు కాదు. అందుకని బియ్యం, కూరలు కడిగిన నీళ్ళు పారబోయకుండా మొక్కలకు పోయడం మొదలుపెట్టాం. పైపుతో గుమ్మం ముందు కడగడం మానేశాం.

3. మేము చేసిన తప్పు

మొదటి పది రోజుల్లో మాకు పొదుపు పిచ్చి పట్టింది. మీటరు అంకెలు పొద్దున ఏడింటికి రాయడం, నిన్నటికన్నా తక్కువ వస్తే గంతులు వేయడం! ఒకరోజు నాన్నగారు రాత్రి డ్యూటీ చేసి వచ్చి పొద్దున నిద్రపోయారు. అమ్మ బజారుకు వెళ్ళింది. "పడుకున్నవాళ్ళకు కూలర్ ఎందుకు, ఫ్యాను చాలదా?" అనుకుని మేము కూలర్ ఆపేశాం. పదకొండు గంటలకే ఆయన చెమటతో తడిసి లేచి కూర్చున్నారు. మమ్మల్ని ఏమీ అనలేదు. ఆ రాత్రి మళ్ళీ డ్యూటీ. నిద్ర లేని కళ్ళతోనే బూట్లు వేసుకుని వెళ్ళారు.

అమ్మ మాత్రం మా పుస్తకం తెరిచి ఆ రోజు గడి చూపించింది. "ఇక్కడ ఎంత మిగిలింది?" అని అడిగింది. లెక్క వేశాం. నాలుగు గంటలకు ఒక్క యూనిట్ కూడా మిగలలేదు, 0.8 మాత్రమే. "కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళకు, కాపలా కాసేవాళ్ళకు నిద్ర అంటే అన్నంతో సమానం. దాన్ని మిగల్చకూడదు. పొదుపు వేరు, పిసినారితనం వేరు" అంది.

ఆమె మాట మాకు బాగా తగిలింది. భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పటినుంచి ఇక్కడ ఇనుము కరుగుతూనే ఉంది. కరిగిన ఇనుము వేడి సుమారు 1,500 డిగ్రీలు. మనం 43 డిగ్రీలకే ఉసూరుమంటున్నప్పుడు దాని దగ్గర నిలబడి పనిచేసేవాళ్ళు ఈ ఊరినిండా ఉన్నారు. ఏ వీధిలోనైనా పగలు ఎవరో ఒకరు రాత్రి షిఫ్టు చేసి పడుకుని ఉంటారు.

ఆ రోజే పుస్తకం వెనుక అట్ట మీద 'తగ్గించకూడనివి' అని రాసుకున్నాం: తాగే నీళ్ళు, మందులు, పాలు, నిద్ర. ఆ తరువాత 'ఒక గది' నియమం పెట్టుకున్నాం. పగలు నాన్నగారు పడుకున్న గదిలోనే కూలర్ ఉంటుంది. మేము కూడా అక్కడే చాప వేసుకుని చప్పుడు చేయకుండా చదువుకోవాలి, బొమ్మలు గీసుకోవాలి. అంతకుముందు కూలర్ రోజుకు పద్దెనిమిది గంటలు నడిచేది. ఎవరూ లేని గదిలో కూడా! ఇప్పుడు పది గంటలకు తగ్గింది. ఎనిమిది గంటలు తగ్గితే రోజుకు 1.6 యూనిట్లు, నలభై రోజులకు 64 యూనిట్లు. ఎవరి నిద్రా చెడలేదు.

4. వంటింటి చలువ

చల్లని సీసాలు మానేయాలంటే వాటి చోట ఇంకేదో ఉండాలి. మా పక్కింటి ఆంటీ ఛత్తీస్‌గఢ్ వాళ్ళే. వాళ్ళింట్లో పొద్దున 'బోరే బాసీ' తింటారు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తింటారు. అమ్మ చూసి నవ్వింది. "ఇది మన చద్దన్నమే కదా!" ఆంటీ కూడా నవ్వింది. అలాగే బస్తర్‌లో రాగులతో చేసే 'పేజ్' మా అమ్మమ్మ చేసే చోడంబలి లాంటిదే. ఉత్తరాంధ్రలో రాగులను చోళ్ళు అంటారు.

చద్దన్నం వల్ల రాత్రి మిగిలిన అన్నం వృథా కాదు, పొద్దున గ్యాసు వెలిగించే పని ఉండదు, ఒంటికి నీరూ ఉప్పూ అందుతాయి. అయితే శుభ్రమైన నీళ్ళు పోసి, మూతపెట్టి, పొద్దునే తినేయాలి. మధ్యాహ్నం దాకా ఉంచితే ఎండకు పాడవుతుంది.

మా పానీయాల పట్టిక ఇది: సోమవారం మజ్జిగ, అందులో కరివేపాకు, అల్లం. మంగళవారం ఉడకబెట్టిన మామిడికాయ రసం. ఇక్కడివాళ్ళు దాన్ని 'పన్నా' అంటారు. బుధవారం నిమ్మకాయ నీళ్ళు. గురువారం మారేడు పండు షర్బత్. శుక్రవారం సబ్జా గింజల నీళ్ళు. శని, ఆదివారాలు ఎవరికి ఏది కావాలంటే అది.

ఎండదెబ్బ తగిలి వాంతులో విరేచనాలో అయితే షర్బత్‌తో సరిపెట్టకూడదు. ఓఆర్ఎస్ పొట్లం దొరకకపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. చెంచా అంటే చిన్న టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అప్పుడు ఖర్చు లెక్క చూడకూడదు.

5. అమ్మమ్మ వచ్చింది, ఎండ పొయ్యి వెలిగింది

మే మూడో వారానికి మా పుస్తకంలో నాలుగు టిక్కెట్ల డబ్బు తేలింది. టిక్కెట్లు అయితే నాన్నగారు ముందే తీసేశారని తరువాత తెలిసింది. మా మీద నమ్మకమట! దుర్గ్ స్టేషన్‌లో అమ్మమ్మ మామయ్య చెయ్యి పట్టుకుని దిగింది. "ఏటర్రా, మీ ఊరి ఎండ మనూరి ఎండకంటే గట్టిదిలా ఉంది" అంది. తన సంచిలో మామిడికాయలు, పాతచీర ముక్కలు, వట్టివేరు కట్ట ఉన్నాయి.

వట్టివేరు కొంచెం కుండలో వేశాం, మిగతాది కూలర్ గడ్డిలో దూర్చాం. ఇల్లంతా తడిసిన మట్టి వాసన వచ్చింది. పాతచీరలతో రెండు కిటికీలకు తెరలు కుట్టి, మధ్యాహ్నం తడిపి వేలాడదీశాం.

అమ్మమ్మ ఎండను చూసి భయపడలేదు, పని చెప్పింది. సగ్గుబియ్యం వడియాలు, బూడిదగుమ్మడి వడియాలు, ఊరమిరపకాయలు. పొద్దున ఏడింటికల్లా డాబా మీద పాత పంచె పరిచి పెట్టేయాలి. కాకుల కాపలా తమ్ముడిది, అదీ తొమ్మిది దాకానే. ఇక్కడ కూడా బూడిదగుమ్మడితో, మినపపిండితో వడియాలు పెడతారు. 'రఖియా బడీ' అంటారు. పక్కింటి ఆంటీ తన పిండి తెచ్చి మా పంచె మీదే పెట్టింది. అమ్మమ్మకు హిందీ రాదు, ఆంటీకి తెలుగు రాదు. పిండి ఎంత పలుచగా ఉండాలో ఇద్దరూ వేళ్ళతోనే చెప్పుకున్నారు.

ఏడాదికి సరిపడా వడియాలకు ఎండ ఖర్చు సున్నా. మా పుస్తకంలో ఆ గడిలో నిజంగానే సున్నా రాశాం.

6. డబ్బు లేని సరదాలు

పొద్దున అయిదున్నరకు నడక. టౌన్‌షిప్ రోడ్లకు రెండువైపులా పెద్ద చెట్లున్నాయి. రోజుకో చెట్టు పేరు తెలుగులో, హిందీలో రాసుకున్నాం.

అక్షయ తృతీయను ఇక్కడ 'అక్తి' అంటారు. ఆ రోజు పిల్లలు మట్టిబొమ్మలకు పెళ్ళి చేస్తారు. మా వీధిలో జరిగిన బొమ్మల పెళ్ళికి మేము పెళ్ళికూతురు తరఫువాళ్ళం. తోరణాలు పాత పత్రికలతో చేశాం.

నెలకు ఒకసారి మైత్రీబాగ్. సోవియట్ దేశంతో స్నేహానికి గుర్తుగా 1972లో ఏర్పడిన ఈ తోటలో తెల్లపులులున్నాయి. నీళ్ళూ పులిహోరా ఇంటినుంచి తీసుకెళ్ళాం. ఖర్చు టిక్కెట్టు వరకే. అమ్మమ్మ తెల్లపులిని చూసి "ఇది కూడా సున్నం వేసుకుందా?" అంది.

పుస్తకాలు మార్చుకోవడం మరో సరదా. పై తరగతివాళ్ళ దగ్గర పాఠ్యపుస్తకాలు తీసుకున్నాం, మావి కింది తరగతివాళ్ళకు ఇచ్చాం. మన బడులు ఏ రాష్ట్రంలో ఉన్నా పుస్తకాలు ఒకటే కాబట్టి, బదిలీ అయినా అవి పనికొస్తాయి. సాయంత్రం అమ్మమ్మ మాకు తెలుగు వాచకం చదివించేది. మేము ఆమెకు ఫోనులో అంకెలు నొక్కడం నేర్పాం.

7. లెక్క ముగింపు

జూన్ రెండో వారంలో నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. మబ్బులు కూడా అప్పుడే పట్టాయి, కూలర్ ఆపేశాం. అమ్మమ్మ తిరుగు ప్రయాణానికి వడియాల డబ్బాలు మూడు భాగాలు చేసింది: తనకొకటి, మాకొకటి, పక్కింటికొకటి.

సామాను సర్దుతుంటే కుండ మిగిలిపోయింది. ఎంత గడ్డి చుట్టినా లారీలో పగిలిపోతుంది. దాన్ని ఆంటీకి ఇచ్చేశాం. ఆమె అదే సాయంత్రం నీళ్ళు నింపి, మొదటి గ్లాసు అమ్మమ్మకు ఇచ్చింది.

లెక్కల పుస్తకం మాత్రం మా సంచిలో ఉంది. సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. కొత్త ఊళ్ళో కుండ ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడం దానిలో మొదటి పని.

మాటలు తెలుసుకుందాం
వట్టివేరు: ఖస్
మారేడు: బేల్
ఇప్ప పువ్వు: మహువా
తుమికి పండు: తేందూ
సారపప్పు: చిరోంజీ
బూడిదగుమ్మడి: రఖియా
వడగాలి: లూ
చద్దన్నం: బాసీ

చేసి చూడండి
1. మీ ఇంట్లో మూడు పరికరాల మీద రాసి ఉన్న వాట్లు చూసి, ఒక్కోటి రోజుకు ఎన్ని యూనిట్లు వాడుతుందో లెక్కకట్టండి. మీ బిల్లులో యూనిట్ ధర చూసి రూపాయల్లోకి మార్చండి.
2. ఒకే రకం సీసాలు రెండింటిలో నీళ్ళు పోయండి. ఒకదానికి తడిగుడ్డ చుట్టి రెండింటినీ నీడలో గాలి తగిలేచోట పెట్టండి. గంట తరువాత ఏది చల్లగా ఉంది? ఎందుకు?
3. మీ ఇంట్లో 'తగ్గించకూడనివి' ఏమిటి? ఇంట్లో అందరినీ అడిగి జాబితా రాయండి. మీరు అనుకున్నదీ అమ్మానాన్నలు చెప్పిందీ ఒకటేనా?
4. మీరిప్పుడున్న ఊళ్ళో వేసవిలో తినే ఒక వంటకం పేరు తెలుసుకోండి. దానికి దగ్గరగా ఉండే తెలుగు వంటకం ఏది?